పాట లేని చీటీ

ఆటోనగర్ మూడో క్రాసు. మే నెల.
పదకొండింటికే రేకుల షెడ్డు నీడ కూడా కాలుతోంది.
కారు ఎడమ డోరు సొట్టతో వచ్చిన మేడం
స్టూలు మీద కూర్చుని, టీ వద్దంది, మంచినీళ్ళు చాలంది.
పేరు వరూధిని. ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతుందట.
గేటు స్తంభమే వచ్చి గుద్దిందట.
నా దగ్గరికొచ్చే స్తంభాలన్నీ అలాంటివే.

లోపల డాలీ ఆనించి పైన సుత్తి వేస్తుంటే
"రేకు ఎందుకు పగలదో తెలుసా, మీరావలి గారూ?" అంది.
ముప్పై ఎనిమిదేళ్ళుగా కొడుతున్నాను.
పగలదని తెలుసు. ఎందుకని నేనడగలేదు,
రేకూ చెప్పలేదు.

మామిడికాయ ముక్కల్లోకి తెచ్చుకున్న కళ్ళుప్పు పొట్లం చూసి
ఒక గల్లు దిమ్మె మీద పెట్టి కొట్టమంది.
ఒకటే దెబ్బ. పొడి.
"ఉప్పులో ప్లస్సు పక్కన మైనస్సు, మైనస్సు పక్కన ప్లస్సు.
వరస ఒక్క అడుగు జరిగిందా,
ప్లస్సుకి ఎదురుగా ప్లస్సే నిలబడుతుంది.
ఇక ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడరు."
మరి ఇనుములో?
"ప్రతి పరమాణువూ ఒకటో రెండో ఎలక్ట్రాన్లు బయట పెట్టేస్తుంది.
అవి ఇక ఎవరివీ కావు. అందరివీ.
పుస్తకంలో సముద్రం అంటాం."

సముద్రం మాకు డెబ్భై కిలోమీటర్లు.
నాకు తెలిసింది చీటీ.
అందరూ వేస్తారు సరే, పాట ఎవరు పాడతారన్నాను.
ఎవరూ పాడరంది.
ఎత్తుకు పోవడాలు?
మేడం నవ్వింది. మా చీటీల వీర్రాజు సంగతి ఆమెకేం తెలుసు!
పాట లేదు, పారిపోవడం లేదు.
అందుకే వరస జరిగినా, పక్కవాడు మారినా
చీటీ చీటీగానే ఉంటుంది.
నా సుత్తి కింద ఇన్నేళ్ళూ జరిగింది ఆ జరగడమేనన్నమాట.

పొద్దుట్నించీ ఒకే మూల పడున్న రాడ్డూ చెక్క పిడీ
రెండిటి వేడీ ఒకటేనంది. నమ్మలేదు. పట్టుకున్నాను.
రాడ్డు చురుక్కుమంది.
వేడిని మోసుకుని చేతి దాకా పరిగెత్తుకొచ్చేవాళ్ళు
చెక్కలో లేరట.
గ్రైండర్ పెట్టిన చోట రేకు తళుక్కుమంటే
పడ్డ వెలుగుని వెనక్కి విసిరేదీ ఆ తిరుగుబోతులేనట.
నిన్నటి దాకా అది నా పనితనం అనుకున్నాను.

అప్పుడు నేనడిగాను:
మరి ఒకే చోట కొట్టగా కొట్టగా
రేకు మొండికేస్తుందే, అదెందుకు?
మేడం కాసేపు సొట్ట వంకే చూసింది.
"జరిగి జరిగి లోపలి వరసలు చిక్కుపడతాయి.
ఇక జరగడానికి దారి ఉండదు."
చిక్కు తీయడం నాకొచ్చు.
గ్యాసు వెలిగించి, రేకు ఎర్రబడేదాకా మంట చూపించి
దాని మానాన దాన్ని చల్లారనిచ్చాను.
ఆ పావుగంటా ఇద్దరం మాట్లాడలేదు.
పక్క షెడ్డులో ఎవరో లారీకి బాడీ కడుతున్నారు.

"ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుంది?"
చప్పుడు మారుతుందన్నాను.
ఎలా మారుతుంది?
నోటితో చెప్పబోయాను. కుదరలేదు.
మేడం బ్యాగులోంచి పుస్తకం తీసి, పెన్ను పట్టుకుని
చెవి డోరు దగ్గరికి తెచ్చింది.
సొట్ట ఎప్పుడో పోయింది. అయినా
ఆమె కోసం ఇంకొక్క దెబ్బ వేశాను, మెల్లగా.
దానికి బిల్లు రాయలేదు.