ఎడమ వైపర్

మా ఊళ్ళో ఇంటి కప్పులన్నీ పలకరాయే.
మెట్లు పలకరాయి, ప్రహరీలు పలకరాయి,
చచ్చాక తలాపున నిలబెట్టేదీ పలకరాయే.
కొండని ఒలిచి ఒలిచి ఎవరెవరి ఇళ్ళకో కప్పులు పంపి
మిగిలిన పెచ్చుల గుట్టల మధ్య మేం ఉంటాం.
వేల్స్ మొత్తంలో ఇంత వాన ఇంకెక్కడా పడదని మా గొప్ప.

ఈ పలకల ఊళ్ళో
పలకని పిల్లాడు మాక్సెన్.

ఏడున్నరకి వాళ్ళ గుమ్మం ముందు ఆగుతుంది మా చిన్న బస్సు.
ఇద్వాల్ నడుపుతాడు, నేను పిల్లలతో కూచుంటాను.
నా ఉద్యోగం పేరు తోడు.
జీతం తక్కువ, పేరు మాత్రం బావుంటుంది.

వాడికి తొమ్మిదేళ్ళు. మూడో సీటు, నడవ వైపు.
ముందు అద్దం మీది వైపర్లు అక్కణ్ణించే కనబడతాయి.
అటు, ఇటు. అటు, ఇటు.
వాటితో పాటు వాడి గడ్డం కదులుతుంది.
నవ్వు కాదది,
నవ్వుకి ముందు ముఖంలో జరిగే సర్దుబాటేదో.

మొదటి నెల నేను తెగ వాగేదాన్ని.
గొర్రెపిల్లల్ని చూపించి, గూడ్సు బండిని చూపించి,
ఖాళీ దొరికిన చోటల్లా ఓ మాట కుక్కేదాన్ని.
ఒకరోజు మెల్లగా నా నోటిమీద అరచెయ్యి పెట్టాడు.
వేళ్ళకి వెన్న వాసన.
అప్పట్నించీ మాకు పడింది.

ఆ మంగళవారం
బస్సు కదిలిందో లేదో, చెవులు మూసుకుని ఒకటే కేక.
బెల్టు కొరికాడు. నా మణికట్టు కొరికాడు.
వెనక సీట్లో గ్వెన్నో ఏడుపందుకుంది.
ఇద్వాల్ పక్కకి తీసి, ఇంజను కట్టేసి,
ఏమీ అనకుండా వానకేసి చూస్తూ కూచున్నాడు.
ఇంజను ఆగాక మాక్సెన్ ఆగాడు.

బుధవారం అంతే. గురువారం అంతే.
వంతెన పనులకి దారి మళ్ళించారు కదా, అందుకే అన్నారు బళ్ళో.
మందు మార్చి చూద్దామంది డాక్టరమ్మ.
ఇంట్లో సరిగ్గా నిద్ర ఉందా అని అడిగారు ఇంకెవరో,
తల్లుల్ని చూసే ఆ చూపుతో.

శుక్రవారం సాయంత్రం వాళ్ళమ్మ లౌరి లోపలికి రమ్మంది.
బల్ల మీద కౌన్సిల్ వాళ్ళ ఫారం, ఇరవై రెండు పేజీలు.
ఈ బస్సూ ఈ తోడూ వచ్చే ఏడు కూడా కావాలంటే
వాడికి ఏమేం చేతకాదో రాయాలి.
గుండీలు పెట్టుకోలేడు. రాసింది.
ప్రమాదం తెలీదు. రాసింది.
స్నేహితులు?
పెన్ను అక్కడ ఆగింది.
"ఎంత తక్కువ చేసి రాస్తే అంత సాయం వస్తుంది, నెరిస్.
రాసీ రాసీ, వాడు పడుకున్నాక వెళ్ళి చూస్తాను,
వీడేనా అని."
నా చేతి కట్టు ఆమెకి కనబడకుండా
స్వెటర్ కిందికి లాక్కున్నాను.
కనబడింది.

ఆదివారం ఇద్వాల్ బస్సు కడిగాడు.
ఎడమ వైపర్ రబ్బరు అంచు చీలి ఉంది. గోరంత.
పలక మీద గోటితో గీసినట్టు
ఊరంతా దాటేదాకా అది అద్దాన్ని గీస్తూనే ఉంది.
ముప్పై ఏళ్ళ డ్రైవరుకి వినబడలేదు.
ఇన్ని మాటలొచ్చిన నాకూ వినబడలేదు.

సోమవారం కొత్త రబ్బరు.
అదే మళ్ళింపు దారి, అదే వాన.
మాక్సెన్ ఎక్కాడు. మూడో సీటు.
ఒకసారి అటు. ఒకసారి ఇటు.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
గడ్డం కదిలింది.

లౌరికి ఫోన్ చేసి చెప్పాను.
చాలాసేపు అవతల చప్పుడు లేదు.
"పదిహేడో పేజీలో రాశాను," అంది చివరికి,
"శబ్దాలు భరించలేడు, అని.
కింద ఇంకేమన్నా రాద్దామంటే గీతల్లేవు."
ఫారం అలాగే పంపింది. పంపక ఏం చేస్తుంది.

ఈ మధ్య అరుదుగా ఎండ కాసినప్పుడు కూడా
ఇద్వాల్ పొడి అద్దం మీద కాసిని నీళ్ళు చిమ్మి
వైపర్లు వేస్తాడు.
ఎదురొచ్చే బళ్ళవాళ్ళు ఆకాశం వైపోసారి,
మా వైపోసారి చూస్తారు.