పదిహేను మార్కుల ప్రశ్న

రట్టన్ బజార్లో మూడో అంతస్తు.
పగలంతా అద్దాలు అరగదీస్తాను.
మైనస్ రెండున్నర, ప్లస్ ఒకటి ముప్పావు,
ఎవరెవరి మసకో నా వేళ్ల కింద సన్నబడుతుంది.
సాయంత్రం ఆరింటికి చేతులు కడుక్కుని
మెరీనా ఎదుటి కాలేజీలో వెనక బెంచీ.

దేవసహాయం సార్ తమిళం కలిపిన ఇంగ్లీషులో చెప్తారు,
నేను తెలుగులో రాసుకుంటాను.
దారిలో ఎక్కడో రెండు ముక్కలు రాలిపోతాయి,
వాటి చోట నావి రెండు చేరతాయి.

మొన్న చెప్పింది మైనం గురించి.
నిప్పు పక్కన పెడితే వాసన పోయింది, ఆకారం పోయింది,
తడితే పలికే చప్పుడూ పోయింది.
అయినా అదే మైనం అంటున్నావు, ఏ కంటితో చూసి?
ఆ రాత్రి తుఫానుకి కరెంటు పోతే
పుస్తకం మూసి కొవ్వొత్తినే చదివాను.
తెల్లారేసరికి సాసర్లో తెల్లటి మరక.
మా ఆవిడ గోకి దాచింది,
బిగుసుకున్న సొరుగుకి రాయడానికి.
జవాబు అదేనేమో. సార్‌ని అడగలేదు.

మర్నాడూ వానే. కిటికీలోంచి చూస్తే అన్నీ గొడుగులు.
వాటి కింద మనుషులున్నారని నాకెవరు చెప్పారు?
మర తిప్పితే నడిచే కర్రలు కావచ్చుగా!
అనుమానం భలే కుదిరిందని మురిసేలోగా
ఒక గొడుగు వెనక్కి వాలి
"టీలో చక్కెర వెయ్యమనాలా, వద్దా?" అని అరిచింది.
యాకూబ్ భాయి.

మాలాగే అద్దాలు అరగదీసినవాడొకడు ఉన్నాడట వాళ్లలో.
ఇరవై మూడేళ్లకే సొంతవాళ్లు వెలేశారట.
ఆ ఇంగ్లీషు మాటని సార్ రెండుసార్లు విడమరిచారు.
అక్కర్లేదు సార్,
మా తాతకి బావి తాడు అందనివ్వని ఊరికి
ఆ మాట కంఠతా వచ్చు.
దేవుడూ ఈ రాయీ ఈ గాలీ వేరు కాదన్నాడట ఆయన.
మా తాత అంత మాట కూడా అనలేదు.

గాజు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి పోయాడంటారు.
యాకూబ్ భాయి దగ్గు గోడ అవతలికి వినపడుతుంది.
మాస్కులు కొనమని ఓనర్ని అడగాలి.

పరీక్షలో వచ్చింది:
తరవాతి ఆలోచన మీద వీరి ప్రభావం వివరించుము.
ఎవరిది ఎవరు అందుకున్నారో,
ఎవరిని కాదనడానికి ఎవరు పుట్టారో
సార్ చెప్పినదంతా రాశాను, ఏడు పేజీలు.

రాయనిది ఒకటి.
నిన్న కింద షాపులో జోడు తీసుకున్న పూలమ్మే పెద్దావిడ
వీధి మెట్ల మీదే ఆగి
దూరంగా వస్తున్న బస్సు నంబరు పైకి చదివింది.
ఎక్కలేదు.
కళ్లజోడు తీసి, అటూ ఇటూ తిప్పి చూసింది,
లోపల ఎవరైనా ఉన్నారేమోనన్నట్టు.