చేపముళ్ళతో పాటు

గడప పక్కన రొట్టెల డబ్బా.
తొమ్మిదిమందిమి. తొమ్మిది ఫోన్లు అందులో వేసి
మూత పెట్టాం.
నవంబరు, నార్వేలో నాలుగింటికే చీకటి.
ఫియోర్డు మీద ఆఖరి పడవ వెళ్ళిపోయింది.
ఇక పొద్దుటిదాకా ఎవరూ రారు,
ఎవరమూ పోలేం.

ఆస్లౌగ్ చేపల సూపు వడ్డిస్తూ
ఏటా చెప్పేదే చెప్పింది:
"విన్నది మోసుకెళ్ళండి.
ఎవరన్నారన్నది మాత్రం ఇక్కడే వదిలెయ్యండి,
చేపముళ్ళతో పాటు."

పిలుపు కూడా కాగితం మీద రాదు.
అక్టోబరులో ఫోన్ చేసి
మీ వైపు వానలెలా ఉన్నాయని అడుగుతుంది, అంతే.
వంతెనల కింద తాళ్ళకు వేలాడుతూ
సుత్తితో తట్టి వినేవాళ్ళం మేం.
పెద్ద సభల్లో మా వంతెనలన్నీ నిక్షేపంగా ఉంటాయి,
స్లైడు మీద ఎప్పుడూ ఎండ కాస్తుంటుంది.

ఇక్కడ, రెండో గిన్నె అయ్యాక,
సున్నీవ చెంచా బోర్లించింది.
"సంతకం పెట్టాను," అంది.
"మూడో స్తంభం పైన, బేరింగు వెనక,
వెంట్రుకంత బీట.
తుప్పు మరక అనుకున్నాను.
కాదు, అనుకోవాలనుకున్నాను.
చలి. పిల్లాణ్ణి బడినుంచి తేవాలి.
పదకొండు నెలలు బస్సులు పోయాయి దాని మీద."

ఎవరూ అయ్యో అనలేదు.
ఐవిన్ పొయ్యిలోకి కట్టె ఎగదోశాడు.
డబ్బాలో ఎవరి ఫోనో
కందిరీగలా కొట్టుకుని ఊరుకుంది.
తర్వాత ఎవరో అడిగారు, మెల్లగా:
"దీపం ఏ వైపునుంచి పట్టుకున్నావు?"
అక్కణ్ణుంచి రాత్రి రెండింటిదాకా
బేరింగుల వెనక చీకటి గురించే.

పెదవి దాటితే పృథివి దాటుతుంది.
దాటిందా, పేపర్లో ఆమె ఫొటో,
వచ్చే ఏడు ఈ బల్ల దగ్గర ఖాళీ కుర్చీ,
ఆపైన ఎవరి నోటా
బీట అన్న మాటే రాదు.

కానీ మర్నాడు ఇంటికి పోయే బస్సు
ఆ వంతెన మీదుగానే.
బాగుచేశారు, తెలుసు. రెండు వేసవుల కిందట, కొత్త ఉక్కు.
అయినా మూడో స్తంభం దగ్గర ఊపిరాగింది.
నిద్రపోతున్న ఈ జనంలో
ఒక్కరికీ పిలుపు లేదు ఆ బల్ల దగ్గరికి.
పక్క సీటులో పసుపు టోపీ పాప
"నువ్వూ ఊపిరి బిగపట్టే ఆటేనా?" అంది.
ఔనన్నాను.
"నేనే గెలిచా," అంది అవతలి గట్టున.

సోమవారం నా వంతెన కిందికి దిగాం.
దీపం రెండో వైపునుంచి పట్టించాను.
కొత్త కుర్రాడు, తాడుకు ఊగుతూ,
"ఇది నియమాల పుస్తకంలో లేదే,
ఎవరు చెప్పారు?"

గొంతులో ముల్లు.
"తట్టు," అన్నాను.
"తట్టి, విను."