తగినంత

నెలలో మొదటి ఆదివారం. కువైట్‌లో వారం మొదలయ్యేదీ ఆదివారమే.
ఐదుంబావుకే బయట ముప్పై ఆరు డిగ్రీలు,
జహ్రా రోడ్డంతా దుమ్ము,
హెడ్‌లైట్లు నానబెట్టిన పసుపు గుడ్డల్లా ఉన్నాయి.
లోపల, రెండు మీటర్ల కాంక్రీటు వెనక,
ఇరవై రెండు.

మంచం మీద మనిషికి బదులు నీళ్ళ తొట్టి.
మనమూ ముప్పాతిక నీళ్ళమే కాబట్టి ఒప్పుకోవచ్చు.
పది సెంటీమీటర్ల లోతున పెన్సిల్ ముక్కంత గొట్టం,
అందులో చెంచాలో ఎనిమిదో వంతు గాలి.
ఆ గాలి చెప్పిందే నాకు సాక్ష్యం.

వంద యూనిట్లు వదిలాను.
మూడు శాతం తక్కువ.
కేబుల్ మార్చాను, వోల్టేజి చూశాను, మళ్ళీ వదిలాను.
మూడు శాతం తక్కువ.
ఇంత నిలకడగా ఎవరూ అబద్ధం చెప్పరనుకున్నాను.

"సరిచేసేద్దామా మేడం? ఐదు నిమిషాల పని,"
అన్నాడు రమీజ్, కీబోర్డు మీద చెయ్యి పెట్టి.

జాబితాలో ముప్పై నాలుగు పేర్లు.
మెషీన్ నిజంగా నీరసపడితే
వదిలేసిన ప్రతి రోజూ ఒక్కొక్కరికి మూడు పాళ్ళు ఎగ్గొట్టినట్టు.
పొరబాటు నాదైతే
ఒక్కొక్కరి మీదా మూడు పాళ్ళు అదనంగా కుమ్మరించినట్టు.
ఎవరికీ నొప్పి తెలియదు. ఏ అలారమూ మోగదు.
తెలిసేది ఎప్పుడో, వేరే డాక్టరు గదిలో.

ఏడున్నరకి మొదటి పేరు ఓబుళమ్మ.
రాజంపేట వైపు మనిషి. సాల్మియాలో ఒకే ఇంట్లో పందొమ్మిదేళ్ళ వంట.
ఎడమ రొమ్ము. పదిహేనింటిలో ఇవాళ పదకొండోది.
మొదటిరోజే అడిగింది: "దినానికి ఎంత పెడతారు మేడం?"
"నీళ్ళలో పెడితే నీళ్ళు వెయ్యో వంతు డిగ్రీ కూడా వేడెక్కనంత."
"అంత కొంచేనికేనా తోలు ఇంత కమిలేది?"
ఏం చెప్పాలో తెలీక అన్నాను:
"ఉప్పు లాంటిదే. తగినంత."
"తగినంతంటే నా చేతికి తెలుసు.
మీ చేతికెట్ట తెలుస్తాది?"

డ్రైవరు తొందరగా దింపేసినట్టున్నాడు,
వరండాలో చేతులు కడుక్కుంటోంది,
చటుక్కున వెనక్కి లాక్కుంది.
"చన్నీళ్ళ కొళాయి తిప్పితే ఉడుకునీళ్ళు!
ఈ దేశంలో ఎండాకాలం గీజరు ఆర్పేసి
దాంట్లో చల్లారబెట్టుకోవాల నీళ్ళు.
మా మేడం పాపకు మోచెయ్యి ముంచి చూడంది
చెంబుడు కూడా పొయ్యను నేను..."

మిగతాది వినలేదు.

"రమీజ్, తొట్టి ఎప్పుడు నింపావు?"
"రాత్రి నింపింది కారిపోయింది మేడం. మళ్ళీ నాలుగున్నరకి..."
"థర్మామీటరు ఎక్కడ పెట్టావు?"
అతను గోడ వైపు చూశాడు.

కోటు చెయ్యి పైకి లాగి మోచెయ్యి ముంచాను.
మిద్దె మీద ట్యాంకులో నిన్నటి ఎండ
ఇంకా అక్కడే ఉంది, గోరువెచ్చగా.
మోచెయ్యి అంకెలు చెప్పదు. థర్మామీటరు చెప్పింది: ముప్పై ఒకటి.
వేడికి గొట్టంలో గాలి పలచబడింది,
సాక్షులు కొందరు మెల్లగా గది దాటి పోయారు,
మిగిలినవాళ్ళు తాము చూసినంతే చెప్పారు.
అబద్ధమెవరూ ఆడలేదు. నేనే తలలు లెక్కపెట్టుకోలేదు.

మూడువందల నాలుగుని రెండువందల తొంభై ఐదుతో భాగించాను.
ఆ మూడూ అక్కడ దొరికాయి.
మెషీన్ ఎక్కడుండాలో అక్కడే ఉంది, వెయ్యికి ఒకటి అటూ ఇటూ.
అయినా ప్లాస్టిక్ పలకలు పేర్చి మళ్ళీ కొలిచాను.
ఒక్కసారి బోల్తా పడ్డ బుర్ర మీద ఒక్క లెక్కకి నమ్మకం రాదు.

నలభై నిమిషాలు ఆలస్యం.
చెయ్యి తల మీదకి ఎత్తి పడుకుని అడిగింది ఓబుళమ్మ:
"ఏమైంది మేడం?"
"నీళ్ళు కాగాయి."
"చెప్తి గదా," అంది, దేని గురించో తనకి తెలియకుండానే.

తలుపు మూసుకుంది. ఎర్ర దీపం.
రిజిస్టర్లో "కారణం" గడి ఇరుకు,
నీటి ఉష్ణోగ్రత అని మాత్రం పట్టింది.
మధ్యాహ్నం దాకా ఏసీలో
కోటు చెయ్యి తడిగా, చల్లగా
మోచేతికి అంటుకునే ఉంది.