ఏడు సీట్ల బండి

రేపు పొద్దున ఏడింటికి కృష్ణపట్నం అన్నారు మైకులో.
మూడింటికల్లా తిరిగి ఎక్కాలి, ఓడ ఎవరికోసమూ ఆగదు.
ఆ రెండో ముక్క రెండుసార్లు చెప్పారు.

డెక్కు మీద, గాలికి ఎగరకుండా
ఉప్పుసీసా బరువు పెట్టిన కాగితం చుట్టూ చేరాం.
మొన్నటిదాకా ఒకరి ముఖం ఒకరికి తెలీదు,
ఇప్పుడు తలా ఎంత పడుతుందో లెక్కలు.

ఓడవాళ్ల బస్సుకైతే మనిషికి నాలుగువేలు,
ముందు జెండా పట్టుకుని ఒకాయన, వెనక నలభైమంది.
"గొర్రెలమా?" అన్నాడు ధనకోటి, గుంతకల్లులో గార్డుగా దిగినాయన.
"బండి మనమే మాట్లాడుకుందాం."
నేను నోరు జారాను: మాది నెల్లూరే, మూలాపేట.
పెన్ను నా చేతికొచ్చింది.

మూడురోజుల కిందట ఇంటికి తాళమేసి
చీటీ పాడుకున్న డబ్బుతో మద్రాసులో ఓడెక్కినదాన్ని.
ఇప్పుడు మా ఊరు చూడ్డానికి మా ఊరు పోతున్నా.

అనకాపల్లి కొత్తజంటకి మైపాడులో సూర్యాస్తమయం కావాలట.
తల్లీ, మా సముద్రం తూర్పునుంది,
అందులో సూర్యుడు లేస్తాడేగానీ మునగడు.
మార్కాపురం గోవిందయ్యకి వెంకటగిరి.
ఊరా, చీరా? అనడిగితే
చాలాసేపు ఆలోచించి, చీరే అన్నాడు.
అయితే ట్రంకురోడ్డు చాలు, నలభై నిమిషాలు, బేరంతో కలిపి.
ధనకోటికి చేపల పులుసు.
అది ఒక రాత్రి నిలవుంటేనే పులుసు,
రేపు తినాలంటే ఇవాళే కాగాలి.
తీరం దగ్గరపడి ఫోనుకి ఒక గీత సిగ్నలు రాగానే
పక్కింటి సంపూర్ణకి చెప్పా:
కొరమీను, దొరక్కపోతే బొచ్చె. మామిడికాయ మాత్రం మరవమాక.

కర్నూలు నస్రీన్ ఏమీ అడగలేదు.
ఆమె ఆడబిడ్డ హసీనా చెప్పింది:
ఆరేళ్ల కిందట బారాషహీద్ దర్గా చెరువులో
వదిన ఆరోగ్యం రొట్టె పట్టుకుంది. బాగైంది.
తిరిగి ఒక రొట్టె ఇవ్వడానికి మళ్లీ రాలేకపోయింది.
"ఇప్పుడు పండగ కాదే" అన్నా.
"చెరువు ఉంటుందిగా" అంది నస్రీన్.
రాశాను: చెరువు, ఇరవై నిమిషాలు.
కొట్టేసి, ఎంతసేపైతే అంత, అని రాశాను.

మస్తానయ్యకి ఫోను చేస్తే, ఏడు సీట్లక్కా, ఏడంటే ఏడే.
సరిగ్గా ఏడుగురం.
కాగితం మడవబోతుంటే వచ్చాడు భుజంగం,
ఎక్కినరోజు నుంచి వాంతులతో గది దాటనాయన,
రెయిలింగు పట్టుకుని పట్టుకుని.
"నాకేమీ చూపించొద్దు. కదలని నేల మీద కాసేపు నిలబడాలి."
ఎవరం మాట్లాడలేదు.
ఉప్పుసీసా ఒక్కటే బల్ల మీద జరిగింది,
అటు కొంచెం, ఇటు కొంచెం.

అందుకని ఆ పొద్దున నెల్లూరు నన్నెట్టా చూసిందంటే:
మస్తానయ్య బామ్మర్ది మోటారుసైకిలు వెనక,
కొంగు పళ్లతో కరుచుకుని, జెండా లేని గైడుని,
వెనక బండిలో ఏడుగురు.
ఆత్మకూరు బస్టాండు దగ్గర మా చీటీల ఆఫీసు గుమాస్తా
ఈమె ఓడెక్కిందన్నారే! అన్నట్టు నిలబడిపోయాడు.

చెరువు మెట్ల మీద ఎవరూ లేరు.
నస్రీన్ సంచీలోంచి కాగితపు రుమాలు విప్పింది,
ఓడ టిఫిన్ల దగ్గర దాచుకున్న చపాతీ.
మోకాటిలోతు నీళ్లలోకి దిగి, ఇవ్వడానికి చుట్టూ చూసింది.
పై మెట్టు మీద చెప్పులు విడిచి
కళ్లు మూసుకుని నిలబడున్నాడు భుజంగం.
ఆయనకి సంగతి తెలీదు. ఆకలికనుకుని తినేశాడు.
నాలుగురోజుల్లో లోపల నిలిచింది అదొక్కటేనట.

సూర్యాస్తమయం సరే, మైపాడే కుదరలేదు.
చీరె కొన్నాడు గోవిందయ్య, రంగు గురించి ఇంట్లో గొడవ ఖాయం.
మూలాపేటలో నా ఇంటి మెట్ల మీద
సంపూర్ణ తెచ్చిన పళ్లేలు ఒళ్లో పెట్టుకుని తిన్నాం.
లోపలికి పిలవవేమమ్మా, అన్నాడు ధనకోటి.
తాళంచెవి ఓడలో ఉంది, నా గదిలో, దిండు కింద.
ముల్లు తీసుకుంటూ ఆయన టైము చూశాడు: ఒంటిగంటా ఇరవై.
"లేవండి, ఓడ ఆగదు."
అందరికంటే ముందు నేనే లేచాను.