ఐసు గదిలో ఆరు పాటలు

లెక్క ముందు చెప్తా,
సంగీతం తర్వాత.

ఏరియేటర్ మోటార్లు చుట్టినందుకు
రొయ్యల గుంటలోళ్ళు నాకు బాకీ ముప్పై ఎనిమిది వేలు.
వచ్చింది పదకొండు.
తెల్లమచ్చ తగిలిన గుంట గట్టు మీద నిలబడి
డబ్బులడిగే నోరు నాకు లేదు.
చీటీ ఆరో నెల్లోనే పాడేసింది మా చెంగమ్మ,
తొమ్మిది వేలు తోసి.
నిజం చెప్పాలంటే
ఈ ఆల్బంలో మొదటి పాట అదే.

టీకొట్టు మాలకొండయ్య ఐదొందలిచ్చినాడు.
"జాజ్ అంటే ఏంది? సన్నజాజులా?"
కాదు మామా. తాళం తప్పకుండా
తాళానికి రవ్వంత ఆలస్యంగా రావడం.
"ఓహో, మన అప్పులోళ్ళ మాదిరి" అన్నాడు.
నేను ఏడేళ్ళు తంటాలు పడి నేర్చుకున్నది
గ్లాసులు కడుగుతా చెప్పేసినాడు.
"మాటలుండవా పాటలో?"
ఉండవు.
ఐదొందల్లో వంద వెనక్కి తీసుకున్నాడు.

యాడ పట్టిందీ పిచ్చి అంటే,
ఇస్కపల్లి గుంటల కాడ రాత్రి కాపలా.
సముద్రం మీంచి గాలివాటుకి సిలోన్ స్టేషన్
వస్తా, పోతా,
తెలియని భాషలో ఎవరో ఏదో చెప్పి ఆగినాక
ఒక శాక్సఫోను.
గొంతు బొంగురు పోయినా మాట్లాడటం మానని
మనిషిలాగా.
కింద గుంటలో రెక్కలు తప-తప్ప, తప-తప్ప,
దాని వెనకే నడుస్తా.
రేడియోలో పాట ఆగిపోయింది.
రెక్కలు ఆగలేదు.

నా శాక్సఫోను పెళ్ళి బ్యాండోళ్ళు పారేసింది.
రెండు మీటలకి మోటారు రాగి తీగే చుట్టినా,
వార్నీషు వాసన ఇంకా పోలేదు.
డ్రమ్ములు మస్తాన్.
పదహారేళ్ళు ఊరేగింపుల్లో కొట్టిన చెయ్యి,
మెల్లిగా కొట్టమంటే కోపం.
బేసు గిటారు ఏసురత్నం,
కావలి చర్చీలో ఆదివారం ఆరాధన అయినాకనే ఖాళీ.
పియానో లేదు.
కందుకూరు నించి హార్మోనిస్టు రంగనాయకులు గారొచ్చినారు,
డెబ్బై రెండేళ్ళు.
పద్య నాటకాల్లో నటుడు రాగం ఎటు లాగితే అటు పోయి,
వాడు దారి తప్పితే తానే దారై నిలిచిన మనిషి.
ఆయనకి నేను నేర్పేదేముంది!
మొదటి పాట అయినాక అడిగినారు,
"వన్స్ మోర్ అనేవాళ్ళు లేరా ఇక్కడ?"

నెల్లూరు స్టూడియోలో గంటకి తొమ్మిదొందలన్నారు.
దండం పెట్టి వచ్చేసినా.
వేట నిషేధం రెండు నెలలు. పడవలు ఇసకలో,
కోదండరామిరెడ్డి గారి ఐసు ఫ్యాక్టరీ ఖాళీ.
అడుగు మందం థర్మాకోల్ గోడల గది,
ఈగ వాలినా వినపడుద్ది.
ఒకటే షరతు:
కంప్రెసర్ పట్టుకు పోకుండా
నాలుగ్గంటలకి ఒక్కసారి తిప్పాల.

మూడో పాట సగంలో నాలుగైంది.
గోడ అవతల్నించి గుర్రుమని లేచింది.
నేను ఆపబోయినా.
ముసలాయన కళ్ళు మూసుకుని
ఆ గుర్రు ఏ మెట్టులో ఉందో వెతికి
దాని మీద వేలు పెట్టి వదల్లేదు.
మస్తాన్ మొట్టమొదటిసారి
మెల్లిగా కొట్టినాడు.
నేనేం ఊదినానో నాకు గుర్తు లేదు.
ఉప్పు తగిలింది పెదాలకి, చెమటో ఏమో.

రెండొందల సీడీలు అచ్చేయించినాం.
సీడీ వేసే మిషను
మా ఊళ్ళో ఎవురింట్లోనూ లేదని
అవి వచ్చినాక తెలిసింది.
నూట అరవై నాలుగు మంచం కింద ఉండాయి.
చీటీ కంతులు ఇంకా పద్నాలుగు.

నిన్న రాత్రి రెండున్నరకి ఫోను.
రొయ్యల లారీ కాదర్ వలీ, తడ దాటి.
వాడి లారీలో పాత ప్లేయరుంది.
"అన్నా, మూడోది రెండుసార్లు విన్నా.
మన కంప్రెసరే గదా అది?
వాడి బాధ ఎట్టా తెలిసింది నీకు?"
వెనక హారన్లు. పెట్టేసినాడు.

"ఎవురు? బాకీ ఏమన్నా ఇస్తాడంటనా?"
అనింది చెంగమ్మ దుప్పట్లోంచి.
లేదన్నా.
"మరి నవ్వుతా ఉండావే?"