నాలుగో డబ్బా

జయరాజు గారు దాన్ని
తువ్వాల్లో చుట్టి, బైబిలు సంచీలో పెట్టి తెచ్చారు.
ఇనప డబ్బా. కాలితో నొక్కే మీట.
రెండు గుండీలు, పక్కన కుంచెతో రాసిన తెల్లక్షరాలు:
జోరు. చురుకు.

"కొల్లాబత్తుల దేవసహాయం చేసిందమ్మా.
రాజోలు సెంటర్లో రేడియోలు బాగుచేసేవాడు.
మొత్తం నాలుగే చేశాడు.
ఒకటి చించినాడ రేవులో పంటు మీంచి జారిపోయింది,
ఒకటి తొంభయ్యారు తుఫానెత్తుకుపోయింది,
మూడోది మా తమ్ముడి దగ్గరుంది, వాడితో మాటల్లేవు.
దీన్ని చూసి ఇంకోటి చెయ్యాలి నువ్వు.
గుళ్ళోకి కొత్త కుర్రోడొచ్చాడు, చెయ్యి బావుంది."

ముందు వాయించి చూపించారు,
నా సెల్‌ఫోన్ల కొట్లో, గాజు బల్ల కింద కవర్లు వణికేలా.
ఏమని చెప్పను ఆ మోతని.
పాకం ముదిరి, గరిటంచున తీగ సాగి
తెగుతుందా లేదా అని ఆగిన ఆ కాస్సేపు.
జలుబు చేసిన గొంతే,
మాట మాత్రం ఒక్కటీ పోలేదు.

మూత విప్పితే లోపల ఏమీ కనపళ్ళేదు.
అంచుల దాకా పోసి గడ్డకట్టించిన నల్ల ముద్ద.
ఎవడూ చూడకూడదని పోశాడు కాబోలు అనుకున్నా.
పంతమొచ్చింది.

మూడు వారాలు.
జుట్టారబెట్టే మిషను, కొబ్బరీనె,
అరిగిపోయిన పళ్ళ బ్రష్షు,
గోళ్ళ కింద వారం వదలని నలుపు.
మొదటి రాగితీగ చీమ కన్నంత మెరిసిన రాత్రి
షట్టరు దించేసి ఒక్కదాన్నే నవ్వుకున్నా.

రెండు ట్రాన్సిస్టర్లు, తల మీద అంకెలు
ఆకురాయితో అరగదీసేశాడు, మహానుభావుడు.
ఐదు కెపాసిటర్లు. తొమ్మిది రెసిస్టర్లు,
రంగుల పట్టీలు వెలిసిపోయి
ఎరుపో నారింజో ఆయనకే తెలియాలి.
ఒక్కోదాన్నీ కాలు లేపి కొలిచాను,
మా అక్క కూతురి గళ్ళ పుస్తకంలో గీశాను,
పాలకొల్లు పాత సామాన్ల కొట్లో
చచ్చిన రేడియోలు కిలోల్లెక్కన కొన్నాను.

జయరాజు గారు కొత్తదానికి వైరు తగిలించి
కళ్ళు మూసుకుని ఒక్క తీగ మీటారు.
కళ్ళు తెరిచారు.
"బావుందమ్మా" అన్నారు.
మా వైపు అంత తొందరగా బావుందంటే
బాలేదని.

ఆయనెళ్ళాక, భయంభయంగా, పాతదాన్ని కలిపాను.
అదీ అలాగే పలికింది.
పలచగా, రేకు మీద మేకు గీసినట్టు.
దాని గొంతు నా చేతుల్లోనే పోయింది.

ఆ రాత్రి అన్నం తినలేదు.
గీకిన పొడంతా హార్లిక్సు మూతలో ఉంది,
పారబొయ్యబోతూ ఎందుకో వాసన చూశాను.
గుగ్గిలం!
అంతర్వేది పల్లిపాలెంలో మా అమ్మమ్మ వాళ్ళ వాకిట్లో
నూనెలో కాచి పడవ చెక్కల సందుల్లో కూరేవాళ్ళు,
అదే.
కానీ ఆ గుగ్గిలం తేనె రంగు. దీనికీ నలుపెక్కడిది?
వేలితో నలిపాను. దీపపు మసి.

ఓ పెచ్చుకి అటూ ఇటూ మీటరు సూదులు గుచ్చాను.
ఏమీ చూపించకూడని చోట
అంకెలు కదిలాయి.
మూడు వారాలు నేను తాళమనుకుని గీకింది
పదో రెసిస్టరు.

పొద్దున్నే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను.
అవతల చాలాసేపు ఏం వినపళ్ళేదు.
తర్వాత,
"వానొచ్చే ముందు అది ఇంకాస్త బొంగురుపోయేదమ్మా.
దేవసహాయం ఆ మోత విని గొడుగు తీసేవాడు.
మేం నవ్వేవాళ్ళం."

ఇప్పుడు కొట్టు వెనక బొగ్గుల కుంపటి.
గుగ్గిలం పావు, మసి చిటికెడు: మరీ ఎక్కువ.
మసి అరచిటికెడు: అసలేం లేదు.
గళ్ళ పుస్తకంలో తొమ్మిదింటికీ విలువలున్నాయి,
పదోది చుక్కల గీత,
పక్కన పెన్సిలుతో రాసి, చెరిపి, రాసి
కాయితం చిరిగింది.

పదకొండో ముద్ద పిట్టగోడ మీద ఆరుతోంది.
సూదులు గుచ్చి కూచున్నాను.
నాలుగూ పాయింటు రెండు.
నాలుగు.
మూడూ పాయింటు ఏడు.
పక్క డాబా మీద నాగరత్నం
తీగ మీది బట్టలు గబగబా తీస్తోంది.